చెరువు ఢిల్లీదా, అమరావతిదా: అమలాపురం నుంచి ఒక కేసు

ఊరి పేరు, సర్వే నంబర్లు, పార్టీల పేర్లు రాయడం లేదు. రాజోలు దాటి అంతర్వేది వైపు వెళ్ళే దారిలో, వశిష్ఠ పాయకీ ఒక పంటకాలువకీ మధ్య ఉన్న ఊరు అనుకోండి, చాలు. ఆ దారిలో అలాంటి ఊళ్ళు చాలా ఉన్నాయి, ఇలాంటి తగాదాలు ఇంకా ఎక్కువ ఉన్నాయి.

2021 ఫిబ్రవరిలో ముగ్గురు రైతులు అమలాపురంలో నా లాయరు ఆఫీసుకి వచ్చారు. ముగ్గురిదీ కలిపి నాలుగెకరాల లోపు వరి, గట్ల మీద కొబ్బరి. పక్కనే నాలుగున్నర ఎకరాల వరిచేను మూడేళ్ళ కిందట కౌలుకి తీసుకుని ఒకాయన వనామీ రొయ్యల చెరువు తవ్వాడు. మొదటి ఏడు ఏమీ తెలియలేదు. రెండో ఏడు దాళ్వాలో (రెండో పంటలో) గట్టు వార పది వరసలు ఎర్రబడ్డాయి. మూడో ఏడు ఊడ్చిన మొక్క పచ్చబడనే లేదు, కొబ్బరికి పిందె నిలవడం మానేసింది. చెరువు నీళ్ళు గట్టు కింద నుంచి ఊట దిగి చేలోకి వస్తున్నాయి, పట్టుబడి (రొయ్యలు పట్టడం) అయ్యాక వదిలే నీళ్ళేమో వీళ్ళ చేలకి నీళ్ళు పారే బోదెలోకే వస్తున్నాయి. ఇదీ ఫిర్యాదు.

అప్పటికే వాళ్ళు తిరగాల్సిన చోట్లన్నీ తిరిగేశారు. పంచాయతీ తీర్మానం చేసింది, కానీ ఆ తీర్మానానికి కాగితం బరువు తప్ప ఇంకేం లేదు. (73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 11వ షెడ్యూల్లో అయిదో అంశం చేపల పెంపకమే. పంచాయతీకి ఇవ్వొచ్చు అన్నారు గానీ ఇచ్చి తీరాలి అనలేదు.) తర్వాత జిల్లాలో ఒక ఆఫీసుకి వెళ్తే, మీది తీరప్రాంతం, కేంద్ర చట్టం కిందకి వస్తుంది, మా పరిధి కాదు అని రాసిచ్చారు. ఆ కేంద్ర చట్టం పనులు చూసే ఇంకో టేబుల్ దగ్గరికి వెళ్తే, ఇది మంచినీటి చెరువు, మంచినీటి చెరువులు ఆ చట్టంలో లేవు, రాష్ట్రమే చూసుకోవాలి అని రాసిచ్చారు. రెండు ఉత్తరాలూ ఒకే గుండుసూదికి గుచ్చి తెచ్చారు.

"చెరువేమో మా గట్టు పక్కనే ఉందండి. దాన్ని చూసే గవర్నమెంటు ఎక్కడుందో మాత్రం తెలవట్లేదండి," అన్నాడు పెద్దాయన.

నిజం చెప్పాలంటే నాకు లోపల సంతోషం వేసింది. ఇంజంక్షన్లు, భాగపంపకాలు, చెక్ బౌన్సులు చూసుకునే వాడికి ఏడో షెడ్యూలు తగిలే కేసు ఎన్నాళ్ళకో గానీ దొరకదు. ఆ సంతోషమే నన్ను ముంచబోయింది. అది ఎలాగో చెప్పాలంటే ముందు ఆ షెడ్యూలు సంగతి కొంచెం చెప్పాలి. ఏ విషయం మీద చట్టం ఎవరు చెయ్యాలో కేంద్ర, రాష్ట్ర, ఉమ్మడి అని మూడు జాబితాలుగా పంచింది అదే.

మన రాజ్యాంగంలో చేపలు రెండు చోట్ల ఉన్నాయి. రాష్ట్ర జాబితాలో 21వ పద్దు (ఎంట్రీ), ఒకే ఒక్క మాట: ఫిషరీస్. కేంద్ర జాబితాలో 57వ పద్దు, ప్రాదేశిక జలాలు దాటిన తర్వాత చేపలవేట. ఈ పంపకం 1950లో కొత్తగా కనిపెట్టింది కాదు, బ్రిటిష్ వాళ్ళ 1935 చట్టంలోనే ఇలాగే ఉంది. సముద్రం లోపలికి వెళ్తే ఢిల్లీ, ఒడ్డున ఉంటే ప్రావిన్సు. రాజ్యాంగ సభ దాన్ని దాదాపు ఉన్నదున్నట్టు తీసుకుంది. తీసుకోక ఏం చేస్తుంది? ఆ రోజుల్లో చేపలంటే వల, పడవ, ఊరి చెరువు వేలంపాట. ఆ సభలో మన గోదావరి మనుషులూ ఉన్నారు, రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి, గుండుగొలనులో పుట్టిన భోగరాజు పట్టాభి సీతారామయ్య. వాళ్ళకి పులస తెలుసు. వరిచేను తవ్వి, బోరు నీళ్ళు నింపి, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లు తిప్పుతూ పసిఫిక్ ఒడ్డు నుంచి తెచ్చిన రొయ్యని పెంచుతారని ఎవరికి తెలుసు? వనామీకి మన దేశంలో వాణిజ్య అనుమతి వచ్చిందే 2009లో.

ఇంకో సంగతి ఉంది. నీళ్ళ గురించి రాష్ట్ర జాబితా 17వ పద్దు చూడండి, నీరు, కాలువలు, మురుగుకాలువలు అన్నీ రాష్ట్రానివే అని చెప్తూనే కేంద్ర జాబితా 56కి లోబడి అని తోక తగిలించారు. అంతర్రాష్ట్ర నదులు కాబట్టి. మన గోదావరి నీళ్ళ మీద 1969లో ట్రిబ్యునల్ పడి 1980లో బచావత్ అవార్డు (ఆ ట్రిబ్యునల్ తీర్పు) వచ్చిందంటే దానికి కారణం కూడా ఆ అంతర్రాష్ట్ర సంగతే. గనులకీ అలాంటి తోకే ఉంది. చేపలకి మాత్రం ఏ తోకా లేదు. 21వ పద్దు చదివిన ఏ లాయరుకైనా చెయ్యి దురద పెడుతుంది, ఇది పూర్తిగా రాష్ట్రానిదే కదా, మధ్యలో ఢిల్లీ ఎందుకు అని.

కానీ ఆ జాబితాల్లో ఎక్కడా లేని మాట ఒకటుంది, పర్యావరణం. 1976లో 42వ సవరణ అడవుల్నీ వన్యప్రాణుల్నీ ఉమ్మడి జాబితాలోకి తెచ్చింది, పర్యావరణాన్ని కాపాడాలని ప్రభుత్వానికి చెప్పే 48ఏ అధికరణ పెట్టింది, అయినా పర్యావరణం అని ఒక పద్దు మాత్రం పెట్టలేదు. ఏ జాబితాలోనూ లేనిది ఎవరికి పోతుంది? దీని వెనక ఒక కథ ఉంది, మా బార్ అసోసియేషన్లో చాలామంది తప్పుగా చెప్పే కథ. "అంబేడ్కర్ మిగిలిందంతా కేంద్రానికి రాసేశాడండీ" అంటారు. జరిగింది వేరు. 1946 మే 16న బ్రిటిష్ వాళ్ళు పంపిన కేబినెట్ మిషన్ ప్లాను కేంద్రానికి రక్షణ, విదేశీ వ్యవహారాలు, కమ్యూనికేషన్లు మాత్రమే ఇచ్చి, మిగిలిన అధికారాలన్నీ ప్రావిన్సులకి వదిలింది. 1947 జనవరిలో సభ ఆమోదించిన లక్ష్యాల తీర్మానంలోనూ అదే మాట. జూన్ 3న విభజన ప్రకటన వచ్చింది. ముస్లిం లీగుని ఒప్పించడానికి కేంద్రాన్ని బక్కగా ఉంచాల్సిన అవసరం ఆ రోజుతో పోయింది. నెహ్రూ అధ్యక్షుడిగా ఉన్న యూనియన్ అధికారాల కమిటీ జూలైలో రెండో నివేదిక ఇచ్చి గట్టి కేంద్రం కావాలంది, మిగులు అధికారం కేంద్రానికే అంది. అంబేడ్కర్ అధ్యక్షుడిగా ముసాయిదా కమిటీ ఏర్పడింది ఆగస్టు 29న. అప్పటికే పాచిక పడిపోయింది.

ఆ అయిదారు నెలల్లో తిరగబడిన ఒక్క వాక్యం, డెబ్బయ్ ఏళ్ళ తర్వాత సఖినేటిపల్లి వైపు ఒక రొయ్యల చెరువు గట్టు మీద పనిచేస్తోంది. నాకు అదొక వింత. మా క్లయింట్లకి కాదు, వాళ్ళకి ఊట ఆగితే చాలు.

ఆ మిగులు అధికారం, దానికి తోడు 253వ అధికరణ (అంతర్జాతీయ సమావేశాల్లో ఒప్పుకున్నవి అమలు చెయ్యడానికి, రాష్ట్ర జాబితా విషయమైనా సరే, పార్లమెంటు చట్టం చెయ్యొచ్చు), ఈ రెండూ పర్యావరణాన్ని ఢిల్లీ చేతిలో పెట్టాయి. 1972 స్టాక్‌హోమ్ సమావేశం పేరు చెప్పి, భోపాల్ గ్యాస్ ప్రమాదం తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం తెచ్చారు. దాని కింద 1991లో సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ మండలం) నోటిఫికేషన్. తూర్పు తీరం పొడుగునా రొయ్యల చెరువులు విపరీతంగా పెరిగాక తమిళనాడు సర్వోదయ నాయకుడు జగన్నాథన్ సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 1996 డిసెంబరు 11న తీర్పు. వరి భూముల్ని రొయ్యల చెరువులుగా మార్చకూడదు అని అందులో స్పష్టంగా ఉంది. తమిళనాడు చేసుకున్న ఆక్వా చట్టం కూడా 1986 కేంద్ర చట్టానికి లోబడాల్సిందేనని అందులోనే అన్నారు. తర్వాత 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది, ఆఫీసు చెన్నైలో. ఇటు మన రాష్ట్రం 2020లో తన ఆక్వాకల్చర్ డెవలప్‌మెంట్ అథారిటీ చట్టం చేసుకుంది.

రెండు చట్టాలు, ఒక చెరువు. నేనేం చేశానంటే, 2021 జూలైలో హైకోర్టులో రిట్ వేస్తూ 38 పేజీల అఫిడవిట్‌లో సగం 254వ అధికరణ మీద రాశాను. కేంద్ర చట్టం, రాష్ట్ర చట్టం ఢీకొన్నాయి కాబట్టి కేంద్రానిది నిలుస్తుంది, రాష్ట్రం వైపు లైసెన్సు ఇచ్చినా చెల్లదు అని. రాసినప్పుడు చాలా బాగుందనిపించింది.

అక్టోబరులో చెరువాయన కౌంటర్ వచ్చింది. అవతల లాయరు గారు నా వాదననే తిప్పి నా మీద వేశారు. 254 ఉమ్మడి జాబితా విషయాలకి కదా, చేపలు ఉమ్మడి జాబితాలో ఎక్కడున్నాయి అన్నారు. చేపలు 21 ప్రకారం రాష్ట్రానివి మాత్రమే కాబట్టి అసలు 2005 చట్టమే పార్లమెంటు పరిధి దాటింది అన్నారు. అంటే నేను నిలబెట్టాలనుకున్న చట్టాన్ని పడగొట్టే గునపం నేనే చేతికిచ్చాను. మాకు కావాల్సింది కేంద్ర చట్టం వర్తించడం, ఎందుకంటే వరి భూమిని మార్చకూడదన్న నిషేధం గట్టిగా ఉన్నది అటువైపే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నా సీనియర్ గారికి ఇప్పుడు ప్రాక్టీసు లేదు, సాయంత్రం వీధి అరుగు మీద కూర్చుంటారు. కాగితాలు చూసి ఒక్కటే అడిగారు.

"ఢీకొన్నాయి అంటున్నావు బాగానే ఉంది. ముందు రెండూ ఎదురుపడ్డాయా?"

2005 చట్టం నిర్వచనం మళ్ళీ చదివాను. తీరప్రాంతంలో ఉప్పునీటిలోనో, కొంచెం ఉప్పున్న నీటిలోనో చేసే పెంపకం అని, మంచినీటి పెంపకం ఇందులోకి రాదని పార్లమెంటే చెప్పింది. అంటే ఢిల్లీ తనే గీత గీసుకుని గీతకి అవతల రాష్ట్రానికి వదిలేసింది. గీత ఎక్కడ? అప్పటి లెక్కలో తీరప్రాంతం అంటే సముద్రం, నదులు, ఉప్పుటేర్ల హై టైడ్ గీత నుంచి 2 కిలోమీటర్లు. నది వెంబడి ఎంత ఎగువకి అంటే, పోటు తగిలి ఉప్పదనం 5 పీపీటీకి తగ్గకుండా ఉన్నంత దూరం. లీటరు నీటికి సుమారు అయిదు గ్రాముల ఉప్పు అన్నమాట. రాజ్యాంగ సభ తేల్చని గీతని మనం గాజు గొట్టంలో తేల్చుకోవాలి.

ఆక్వా వాళ్ళ దగ్గర రిఫ్రాక్టోమీటరు ఉంటుంది, జేబులో పట్టేంత గొట్టం. ఒక చుక్క వేసి వెలుతురు వైపు పెట్టి చూస్తే అంకె కనిపిస్తుంది. తెలిసిన టెక్నీషియన్ దగ్గర అడిగి తీసుకుని బయల్దేరాను. చెరువులోకి వెళ్ళే హక్కు లేదు కాబట్టి తూము బయట బోదెలో నీళ్ళు పట్టాం. అంకె రెండుకి కొంచెం పైన ఆగింది. నాకు కాళ్ళలో సత్తువ పోయింది. రెండంటే అవతలివాళ్ళు చెప్పినట్టు మంచినీళ్ళే.

పెద్దాయన నవ్వాడు. "ఇప్పుడు చూస్తే ఏం తెలుస్తుందండి లాయరు గారూ? కాలవ నిండా నీళ్ళున్నాయి, ఇంజను వేసి తోడుకుంటన్నాడు. కాలవలు కట్టేసాక రండి. అప్పుడు బోరు, ఏరు తప్ప వాడికి దిక్కులేదు. ఆయ్."

కేసు మొత్తం ఆ మాటలో ఉంది. డెల్టా కాలువలు ఏప్రిల్లో కట్టేస్తారు, మళ్ళీ జూన్‌కి వదులుతారు. ఈ మధ్యలో అదే చెరువు వేరే చెరువు. అక్టోబరులో అది రాష్ట్ర జాబితా, మే నెలలో కేంద్ర జాబితా. రెండు ఆఫీసులూ అబద్ధం రాయలేదు, వేర్వేరు నెలల్లో రాశాయి, అంతే. పైగా 2011 సీఆర్‌జెడ్ నోటిఫికేషన్లో ఈ 5 పీపీటీ ఏడాదిలో అన్నిటికంటే ఎండగా ఉన్న కాలంలో కొలవాలని ఉంది. అది ముందే చదివాను, ఎందుకు రాశారో మాత్రం బోదె గట్టు మీద నిలబడ్డాక గానీ అర్థం కాలేదు.

ఇంకో పని కూడా చేశాం. చెరువాయన జిల్లాలో ఎవరు అడిగినా "చెన్నైకి దరఖాస్తు పెట్టానండి, వస్తుంది" అంటున్నాడని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. సమాచార హక్కు కింద ఆ దరఖాస్తు కాపీ అడిగాం. థర్డ్ పార్టీ నోటీసు, అభ్యంతరం, అప్పీలు అన్నీ అయ్యేసరికి జనవరి వచ్చింది. ఫారంలో నీటి వనరు దగ్గర ఏరు, బోరు అని స్వహస్తాలతో రాశాడు, ఉప్పదనం గడిలో ఎనిమిది అని వేశాడు. కోర్టులో మంచినీళ్ళు, చెన్నైకి ఉప్పునీళ్ళు. తప్పించుకోవడానికి రాసుకున్నదే ఆయన్ని పట్టించింది. ఇంకొకటి, అడంగల్‌లో (ఊరి భూముల, పంటల రికార్డులో) ఆ భూమి ఆ రోజుకీ వరే.

అఫిడవిట్ సవరించాం. 254 తీసేశాను, నా అహం కొంచెం నొప్పి పెట్టింది. వాళ్ళ 21వ పద్దు వాదనకి జవాబు రెండు పేజీల్లో సరిపోయింది. చట్టం పేరులో ఏముందన్నది కాదు, దాని అసలు సారం దేని గురించో చూడాలి, కోర్టులు పిత్ అండ్ సబ్‌స్టెన్స్ అనేది దీన్నే. 2005 చట్టం చేపలు పట్టడం గురించి కాదు, తీరాన్ని, భూగర్భజలాన్ని, పక్క రైతు పొలాన్ని కాపాడటం గురించి, దాని వేరు 253లోనూ మిగులు అధికారంలోనూ ఉంది అని రాశాను. జాబితాలో మాట కనబడగానే సంబరపడకూడదని మా కోనసీమ వాళ్ళకి గ్యాసు విషయంలోనే తెలియాలి. రాష్ట్ర జాబితా 25లో గ్యాస్, గ్యాస్ వర్క్స్ అని ఉంది కదా అని గుజరాత్ చట్టం చేసుకుంటే, సహజవాయువు కేంద్ర జాబితా 53 కిందకి వస్తుందని 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

2022 ఫిబ్రవరిలో ఆర్డర్ వచ్చింది. చట్టం చెల్లుతుందా చెల్లదా అన్న జోలికి కోర్టు వెళ్ళలేదు, వెళ్ళాల్సిన అవసరం లేదని నాకూ అప్పటికి అర్థమైంది. 2005 చట్టం కింద అప్పటి నియమాల ప్రకారం జిల్లా స్థాయి కమిటీకి అధ్యక్షుడు కలెక్టరు. మా చెరువు 2 హెక్టార్ల లోపు కాబట్టి ఆ కమిటీ సిఫార్సు నేరుగా చెన్నైకి పోయేది. రాష్ట్రం వైపు జిల్లా యంత్రాంగానికి పెద్దా ఆయనే. ఏ టోపీ పెట్టుకుని చూసినా చూడాల్సింది ఒకే మనిషి కాబట్టి, రెండు పక్షాల ఎదుట నీళ్ళు పట్టి, విని, కారణాలతో ఎనిమిది వారాల్లో తేల్చమన్నారు. ఎండాకాలం శాంపిల్ కూడా తియ్యమని నేను అడిగింది ఆర్డర్‌లో ఎక్కలేదు.

ఎనిమిది వారాలంటే ఏప్రిల్ మొదలు. ఇంకా కాలువల్లో నీళ్ళుంటాయి. మళ్ళీ టెన్షన్. ఇక్కడ మమ్మల్ని కాపాడింది నా వాదన కాదు, ఒప్పుకోవాలి. ఏప్రిల్ 4న జిల్లాలు చీలాయి. కాకినాడలో ఉన్న ఫైలు కొత్త కోనసీమ జిల్లాకి, అంటే మా అమలాపురానికి బయల్దేరింది. పెట్టెలు సర్దడం, బల్లలు వేయడం, ఏ సెక్షను ఏ గదిలో అన్న గొడవ, అంతా అయ్యి టీం చెరువు గట్టుకి వచ్చేసరికి మే నెల మధ్య. కాలువ అడుగు బీటలు వేసి ఉంది. రాష్ట్రం కొత్త జిల్లా గీత గీయకపోతే కేంద్రం గీత మా చెరువు దాకా వచ్చేది కాదేమో.

చెరువు నీళ్ళు తొమ్మిది. బోరు ఏడు. ఏటి ఒడ్డున పన్నెండు. మా వాళ్ళ చేలో గట్టు వార గుంట తవ్వి ఊరిన నీళ్ళు పట్టిస్తే ఆరు. పంచనామా మీద చెరువాయన సంతకం పెడుతూ ఎండ గురించి ఏదో అన్నాడు, ఎవరూ పలకలేదు. తర్వాత వారమే ఊళ్ళో జిల్లా పేరు గొడవ, నిప్పులు, రోజుల తరబడి ఇంటర్నెట్ లేకపోవడం. గొడవ ఎవరి పేరు మీదంటే, ఆ మూడు జాబితాలనీ 1948 నవంబరులో ముసాయిదాతో సభ ముందు పెట్టిన మనిషి పేరు మీద. దాని గురించి ఇక్కడ ఎక్కువ రాయను. రిపోర్టు మెయిల్లో పంపలేక మనిషి చేత పంపారు.

జూలైలో ఉత్తర్వు వచ్చింది. చెరువు తీరప్రాంతంలో ఉంది, నీళ్ళు మంచినీళ్ళు కావు, రిజిస్ట్రేషన్ లేదు, భూమి వరి భూమి కాబట్టి సిఫార్సు చెయ్యడం లేదు. ఉన్న పంట పట్టుబడి చేసుకోవచ్చు, కొత్త సీడ్ (రొయ్య పిల్ల) వెయ్యకూడదు, గట్టు చుట్టూ ఊట కాలువ తవ్వి నీటిని తన తూములోకే మళ్ళించుకోవాలి. ఆయన అప్పీలుకి వెళ్తానని కొన్నాళ్ళు తిరిగాడు, వెళ్ళలేదు. కౌలు గడువు కూడా దగ్గరపడింది.

నష్టపరిహారం దావా ఇక్కడి కోర్టులోనే నడుస్తోంది, వాయిదాల మీద వాయిదాలు. చేలో ఉప్పు రెండు సార్వాల (తొలకరి పంటల) వానకి చాలావరకు కడుక్కుపోయింది. గట్టు వార కొబ్బరి చెట్లలో పదకొండు నరికేశారు, మిగిలినవి ఇప్పుడిప్పుడే గెల వేస్తున్నాయి. 2023లో పార్లమెంటు 2005 చట్టాన్ని సవరించింది, మూడేళ్ళ దాకా జైలు అన్న సెక్షన్ తీసేసి జరిమానాలు పెట్టింది. కాబట్టి మా కేసులో వాడిన కాగితాలు ఎవరైనా ఉన్నవి ఉన్నట్టు వాడకండి, కొత్త నిర్వచనాలు పక్కన పెట్టుకుని చదవండి.

పోయిన ఏడాది ఒక ఉదయం ఆ చెరువాయనే నా ఆఫీసుకి వచ్చాడు. అవతల మండలంలో ఇంకో చెరువు ఉందట, దానికి ఏ అథారిటీ దగ్గరికి పోవాలో చెప్పమన్నాడు. ఆయన మీద నడుస్తున్న దావాలో నేను అవతలివాడిని కాబట్టి ఫైలు పట్టుకోనని చెప్పాను. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, ఆ ఒక్క ముక్కా చెప్పండి చాలు అన్నాడు.

"కాలువలు కట్టేశాక నీళ్ళు పట్టించుకుని, అది పట్టుకుని వేరే లాయరు గారి దగ్గరికి వెళ్ళండి," అన్నాను.